ఎలుకలకు కాలువ అడ్డమా?

ప్రశ్న: మా చేనుకూ పక్క చేనుకూ మధ్య పంట కాలువ ఉంది. అంత నీటిని దాటి ఎలుకలు రాగలవా?

జవాబు: నిక్షేపంగా రాగలవు. ఎలుక ముందుకాళ్లను గడ్డం కింద కదలకుండా ముడుచుకొని, వెనుక కాళ్లతోనే నీటిని తన్నుతూ ఈదుతుంది. 2004లో న్యూజిలాండ్ పరిశోధకులు రేడియో కాలర్ తొడిగి, ఎలుకలు లేని మోటుహోరోపాపా దీవిలో ఒకే ఒక్క గోధుమ రంగు మగ ఎలుకను వదలగా, అది పది వారాలు బోనులకు చిక్కకుండా తిరిగి, చివరకు 400 మీటర్ల సముద్రాన్ని ఈది ఒటాటా దీవికి చేరింది; అక్కడ పెంగ్విన్ మాంసం ఎరగా పెట్టిన బోనులో పడే సరికి మొత్తం పద్దెనిమిది వారాలు గడిచాయి. అంత మొండి ఎలుకకు మీ కాలువ ఒక లెక్కా!

అయితే చిట్టెలుక సంగతి వేరు. ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కావడం వల్ల, బొచ్చు తడిసిన కొద్దీ దాని ఒంట్లోని వేడి త్వరగా హరిస్తుంది. అందుచేత చల్లని, వడిగల ప్రవాహం దానికి నిజమైన అడ్డంకే. దూరపు దీవులకు చిట్టెలుకలు ఎక్కువగా పడవల్లో, సరుకుల మధ్య దాగి చేరుతుంటాయి. మీ కాలువ మీద తూములూ, అడ్డంగా వేసిన తాటి దుంగలూ ఉంటే వాటికి ఈదే అవసరం కూడా ఉండదు. ముందు వాటిని గమనించండి.