ఆల్ఫా 0.41 దగ్గరే ఆగిందా? రివర్స్ ప్రశ్నలు చూడండి

మీ థీసిస్ సర్వేలో ఆల్ఫా 0.41 దాటట్లేదని, శాంపిల్ తప్పేమోనని అడిగారు. శాంపిల్ తప్పు కాదు, రివర్స్ ప్రశ్నల స్కోర్లు తిప్పకుండానే క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) వేసినట్టున్నారు. రేణిగుంట కంపెనీల్లో ఉద్యోగుల కమిట్‌మెంట్‌కి మీరు వాడింది 1979లో మౌడే, స్టీర్స్, పోర్టర్ ఇచ్చిన 15 ప్రశ్నల స్కేలు కదా, అందులో 3, 7, 9, 11, 12, 15 వ్యతిరేకంగా అడిగేవి. మూడోదే తీసుకోండి, సంస్థ పట్ల నాకు విధేయత చాలా తక్కువని ఉంటుంది. 1 నుంచి 7 దాకా ఉన్న స్కోర్లలో దానికి 7 (పూర్తిగా ఒప్పుకుంటా) పెట్టినవాళ్లకు కమిట్‌మెంట్ తక్కువ, మీరు లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ మాత్రం ఎక్కువని లెక్కేస్తోంది.

1. ట్రాన్స్‌ఫార్మ్‌లో కంప్యూట్ తెరిచి, ఆ ఆరింటికీ 8 లోంచి స్కోరు తీసేసి కొత్త కాలమ్స్‌గా పెట్టుకోండి. పాతవి చెరపొద్దు.

2. రిలయబిలిటీ (ఆల్ఫా లెక్క) మళ్లీ రన్ చేసేటప్పుడు పాత ఆరు కాలమ్స్ దించేసి కొత్తవి ఎక్కించాలి. చాలామంది ఇక్కడే మర్చిపోయి, మళ్లీ అదే అంకె వచ్చిందని టెన్షన్‌తో గైడ్ దగ్గరికి పరిగెడతారు.

3. 'స్కేల్ ఇఫ్ ఐటమ్ డిలీటెడ్' టిక్ పెట్టండి. ఐటమ్-టోటల్ కోరిలేషన్ (ఆ ప్రశ్న మిగతావాటితో ఎంత కలుస్తుందో చెప్పే అంకె) ఏ ప్రశ్నకైనా బాగా మైనస్‌లో ఉంటే ముందు దాని కోడింగే అనుమానించండి.

అప్పటికీ ఆల్ఫా, మామూలుగా చాలనుకునే 0.7 దాటకపోతే కాగితం ఫారాలు బయటికి తీసి, షిఫ్టు మారే హడావుడిలో 15కీ ఒకే గడిలో టిక్ కొట్టినవి వెతకండి. వాటిని పక్కన పెడితే ఎన్ని తీశారో థీసిస్‌లో రాయండి. ఆల్ఫా పెంచడానికి ప్రశ్నలు మాత్రం ఊరికే పీకేయకండి, వైవాలో పట్టుకుంటారు.