డ్రిల్ పట్టుకునే ముందు ఆ ఫైల్ తెరువు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫోటో చూశాను. స్కాన్ సెంటర్‌వాళ్లు ఇచ్చిన కింది దవడ ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి తీసినట్టున్నావు. "పెద్దమ్మా, నరం పైన 12 మి.మీ. ఎముక ఉంది, 10 పొడవు ఇంప్లాంట్ పెట్టేయొచ్చు కదా" అని అడిగావు. కూకట్‌పల్లిలో సొంత పళ్ల క్లినిక్ తెరిచాక మొదటి ఇంప్లాంట్ ఇది, పోయిన పన్ను స్థానంలో ఎముకలో స్క్రూ బిగించే పని, ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలేయకుండా కూర్చుని రాస్తున్నాను.

ఆ ఫోటో చూసి పెట్టేయమని నేను చెప్పను. ఆ ఫిల్మ్ మీద ఉన్నవి అక్కడి టెక్నీషియన్ ఎంచుకున్న కోతలు, అంటే దవడని అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మలు. అతను తన పని బాగానే చేసి ఉంటాడు, కానీ నువ్వు ఎక్కడ, ఏ కోణంలో డ్రిల్ దించబోతున్నావో అతనికి తెలియదు కదా. సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో వాళ్లిచ్చిన డైకామ్ ఫైల్, అంటే స్కాన్ మొత్తం ఉండే ఫైల్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌లో తెరిచి కోత నువ్వే కోసుకోవాలి. కోత దవడ వంపుకి నిటారుగా పడాలి. కాస్త ఏటవాలుగా పడినా ఎముక ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది, మనం మోసపోతాం.

నేను ఇంప్లాంట్లు మొదలుపెట్టినప్పుడు మాకు సీబీసీటీ, అంటే దవడని త్రీడీలో చూపే ఈ స్కాన్, అందుబాటులో లేదు. ఇటలీలో 1990ల చివర్లో వచ్చిన ఆ యంత్రం మన ఊరికి చేరేదాకా పళ్లన్నీ ఒకే చదును బొమ్మలో చూపే ఓపీజీ ఎక్స్‌రేయే దిక్కు. 5 మి.మీ. స్టీలు గుండుని మైనంతో చిగురు మీద అంటించి ఓపీజీ తీయించేవాళ్లం. ఫిల్మ్ మీద గుండు 6.25 వచ్చిందంటే బొమ్మ పావు వంతు పెద్దదైందని అర్థం, అంటే ఫిల్మ్ మీది 12 నిజంలో 9.6 మాత్రమే. ఒకసారి ఒక టీచర్‌గారికి ఈ లెక్క సరిగ్గా వేయకుండా నేను తొందరపడ్డాను. మర్నాడు ఆయన కింది పెదవికి కుడివైపు స్పర్శ లేదు, పెదవికి స్పర్శనిచ్చేది దవడలోని ఆ నరమే. ఇంప్లాంట్ తీసేశాను, మందులిచ్చాను, అయినా స్పర్శ తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఛాయ్ గడ్డం మీదికి కారినా తెలియడం లేదమ్మా అని ఆయన నెమ్మదిగా చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజు నా దగ్గర ఈ స్కాన్ లేదు. నీ దగ్గర ఉంది, దాన్ని పూర్తిగా వాడుకో.

ఇక నీ 12 మి.మీ. సంగతి. నరానికీ ఇంప్లాంట్‌కీ మధ్య కనీసం 2 మి.మీ. ఖాళీ ఉండాలని నీకు తెలుసు, 12లో 10 పోతే 2 మిగులుతుందని లెక్క వేశావు. కానీ చాలా కంపెనీల డ్రిల్లుల మీద 10 అని గీత ఉన్నా మొన ఇంకో అర మి.మీ. నుంచి ఒక మి.మీ. దాకా లోపలికి పోతుంది. నీ కిట్ కేటలాగ్‌లో అది ఎంతో చూడు. డ్రిల్‌కి దారి చూపే సర్జికల్ గైడ్ ప్రింట్ చేయించుకున్నా ప్లాన్‌కీ నోట్లో పడినదానికీ మొన దగ్గర సగటున 1.4 మి.మీ. తేడా ఉంటోందని అధ్యయనాల్లో తేలింది. గైడ్ ఉంది కదా అని ఆ రెండు మిల్లీమీటర్ల ఖాళీని తగ్గించకు. అసలు ఆ పేషెంట్‌కి 10 ఎందుకు, 8తో పని జరగదా అని ముందు ఆలోచించు.

నాకు ఇంతకంటే భయం నాలుక వైపు. కింది దవడ వెనక పళ్ల దగ్గర లోపలివైపు ఎముక గుంటలా లోపలికి తిరిగి ఉంటుంది, కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. ఓపీజీలో అది కనిపించే అవకాశమే లేదు, వేలితో తడిమితే కొంత తెలుస్తుంది, అడ్డకోతలో స్పష్టంగా కనిపిస్తుంది. పైన 7 మి.మీ. వెడల్పు చూసి ధైర్యంగా నిటారుగా దించితే, నరం ఇంకా దూరంగా ఉండగానే డ్రిల్ నాలుక వైపు గోడని చీల్చుకుని బయటికి వస్తుంది. అక్కడ రక్తనాళం తెగితే నాలుక కింద రక్తం చేరి నాలుకని పైకి నెట్టేస్తుంది, ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. క్లినిక్ కుర్చీలో దాన్ని సంభాళించడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. నువ్వు పంపిన ఫోటోలో 46 (కుడివైపు కింది మొదటి దవడ పన్ను) దగ్గర ఆ గుంట నీడలా కనిపిస్తోంది, కానీ ఫోటోలో తేల్చి చెప్పలేను.

ప్లాన్ ఎముకతో మొదలుపెట్టకు, పన్నుతో మొదలుపెట్టు. చివరికి క్యాప్ ఎక్కడ రావాలి, ఎదురు పన్నుతో ఎలా తగలాలి అన్నది ముందు తేల్చుకుని, ఆ పన్ను కింద ఎముక ఉందా అని చూడాలి. నోటి స్కాన్ తీసే కెమెరా ఉంటే ఆ ఫైల్‌ని సీబీసీటీ మీద కలుపుకోవచ్చు. లేకపోతే అచ్చు తీసి, మైనంతో పన్ను కట్టి, దాని మీద చేయించిన స్టెంట్‌లో (పళ్ల మీద కూర్చునే అచ్చులో) రబ్బరు లాంటి గట్టాపర్చా ముక్క పెట్టి స్కాన్‌కి పంపు, అది తెల్లగా కనిపించి దారి చూపిస్తుంది. ఇంప్లాంట్ చుట్టూ బుగ్గ వైపూ నాలుక వైపూ కనీసం ఒకటి, ఒకటిన్నర మి.మీ. ఎముక మిగలాలి, పక్క పన్ను వేరుకి ఒకటిన్నర దూరం ఉండాలి. పన్ను తీయించుకున్న మొదటి ఏడాదిలోనే ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు. నీ పేషెంట్ మూడేళ్ల కిందట తీయించుకున్నారని రాశావు, అంటే పొడవు కంటే వెడల్పు మీద నీ కన్ను ఎక్కువ ఉండాలి.

స్కాన్‌కి పంపేటప్పుడు చీటీ మీద "సీబీసీటీ" అని ఒక్క మాట రాసి ఊరుకోకు. ఏ పన్ను, ఎందుకు, ఎంత ఫీల్డ్ (స్కాన్‌లో పడే మేర) కావాలో రాయి. ఒక్క పన్నుకి రెండు దవడలూ తీయించాల్సిన పని లేదు, చిన్న ఫీల్డ్ చాలు, రేడియేషన్ తగ్గుతుంది, బొమ్మ కూడా నాణ్యంగా వస్తుంది. బుగ్గకీ పళ్లకీ మధ్య దూది చుట్ట పెట్టమని రాస్తే చిగురు అంచు విడిగా కనిపిస్తుంది. కమ్మలు, ముక్కుపుడక, కళ్లజోడు, జడపిన్నులు, తీసిపెట్టే పళ్లసెట్టు అన్నీ తీయాలి. మన ఆంటీలకి ముక్కుపుడక ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటుంది, సెంటర్‌లో అప్పటికప్పుడు రాదు, కాబట్టి ముందురోజే చెప్పు, కంసాలి దగ్గర వదులు చేయించుకుని వెళ్తారు. మెడలో గొలుసుల విషయం కూడా నువ్వే ముందు మర్యాదగా చెప్పు, అక్కడ ఎవరో గదమాయిస్తే ఆమె బాధపడతారు. యంత్రం తిరిగే ఆ పది ఇరవై సెకన్లు మింగకూడదు, కదలకూడదు.

లోహపు క్యాప్‌ల పక్కన నల్లటి చారలు వస్తాయి, వాటిని ఎముక లేని చోటు అనుకోకు. సీబీసీటీలో బూడిదరంగు అంకెలు చూసి ఎముక గట్టిదా మెత్తదా అని తేల్చకు, ఆ అంకెలు యంత్రాన్ని బట్టి మారిపోతాయి. ఫైల్‌లో పడిన ప్రతిదానికీ బాధ్యత నీదే, పాత వేరు ముక్కో తిత్తో ఏదైనా కనిపిస్తే ఓరల్ రేడియాలజిస్ట్‌తో రిపోర్ట్ రాయించు. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ ఎలాగూ చూస్తావు, ఎముకల బలానికి ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నారా అని కూడా అడుగు, ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు.

వచ్చే సోమవారం అని పేషెంట్‌కి మాటిచ్చానన్నావు. ఫోన్ చేసి ఒక వారం వెనక్కి జరుపు, కారణం కూడా దాచకుండా చెప్పు, ఆమె ఏమీ అనుకోరు. శనివారం సాయంత్రం క్లినిక్ అయ్యాక మెట్రో ఎక్కి మలక్‌పేట వచ్చేయ్, లైన్ మారాల్సిన పని కూడా లేదు. ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్, నీ కిట్ కేటలాగ్ తెచ్చుకో. నరం కాలువని నువ్వే ఒక్కో కోతలో గుర్తు పెట్టుకుంటూ రా, నేను పక్కన కూర్చుని చూస్తాను.

మీ పెద్దమ్మ