దసరా సెలవుల్లో పిల్లలతో ఒక పూట గడపడానికి నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు మంచి చెరువులు, జలాశయాలు ఏవి?

హైదరాబాద్ నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి చేరాలన్నారు. పిల్లలు దిగి ఆడుకునేందుకు లోతు తక్కువ ఉన్న చోటు కూడా చెప్పమన్నారు. చూడదగిన చోట్లు మూడు చెబుతాను. దిగదగిన చోటు మాత్రం ఒక్కటి కూడా చెప్పను. దసరా నాటికి నిండి ఉన్న చెరువులో లోతు తక్కువ అన్న మాటకు అర్థం లేదు. నల్గొండలో పుట్టి పెరిగి, నలభై ఏళ్లుగా ఈ నీళ్ల పక్కనే బతుకుతున్నదాన్ని. అయినా ఆ సంగతి నాకు మూడేళ్ల కిందటే తెలిసింది.

ఆ దసరాకు మా అన్నయ్య వాళ్లు హైదరాబాద్ నుంచి మా పుట్టింటికి వచ్చారు. సద్దుల బతుకమ్మ మరుసటి రోజు పొద్దున్నే నేను, మా మేనల్లుడు, వాడి చెల్లెలు చెరువుకు వెళ్లాం. రాత్రి సాగనంపిన బతుకమ్మల తంగేడు పూలు కట్ట పొడవునా నీటి అంచున పసుపు గీతలా తేలుతున్నాయి. అలుగు సన్నగా పారుతోంది. మేనల్లుడికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఈత కొలనులో నేర్చుకుని, బడి పోటీల్లో పతకం కూడా తెచ్చుకున్నాడు. కట్టకు ఎదురు వైపు, శిఖం భూముల (చెరువు నిండితే మునిగే నేల) దగ్గర నేల మెల్లగా నీళ్లలోకి వాలుతుంది. చిన్నప్పుడు నేను బర్రెలను కడిగిన చోటే అది. అందుకే వాడు ప్యాంటు మడుచుకుని దిగుతుంటే వద్దనలేదు. చీలమండ, పిక్క, మోకాలు. తర్వాత పది అడుగులు వేసినా మోకాలే. వెనక్కి తిరిగి, "చూశావా అత్తా, ఎంత దూరం వెళ్లినా ఇంతే" అన్నాడు.

"ఆగు బిడ్డా! అడుగు తీయకు!" అని నీళ్ల మీద నుంచి కేక వినిపించింది. థర్మాకోల్ అట్టలను గోనెసంచిలో కుట్టి చేసుకున్న తెప్ప మీద ఒక పెద్దాయన వల తీస్తున్నాడు. వల అక్కడే వదిలేసి, వెదురు గడ తోసుకుంటూ వచ్చాడు. వాడి కాళ్లకు మూరెడు దూరంలో గడను నిలువుగా నీళ్లలోకి దించాడు. అది దిగింది, ఇంకా దిగింది, చివరికి ఆయన పిడికిలి నీళ్లను తాకింది. రెండు నిలువుల గడ అది. అయినా అడుగు తగల్లేదు. పైకి లాగుతుంటే గడ వెంట ఎర్రటి నీళ్లు కారడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మేనల్లుడు ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ఏ అడుగున వచ్చాడో ఆ అడుగునే వెనక్కి వచ్చాడు.

అంతకుముందు వేసవిలో చెరువు ఎండినప్పుడు రోడ్డు పనికని పొక్లెయిన్ పెట్టి మొరం తవ్వుకుపోయారట. ఆ గుంతకు కంచె లేదు, గుర్తు లేదు, ఎర్ర గుడ్డ కట్టిన కర్ర కూడా లేదు. వానలు పడ్డాయి, నీళ్లు నిండాయి, పైనుంచి చూస్తే అంతా ఒకటే చదును. నేను పూడిక తీయడానికి వ్యతిరేకిని కాను. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా ఊళ్లో రైతులు ట్రాక్టర్లతో నల్లమట్టిని పొలాలకు తోలుకున్నారు. అది పైపైన పరిచినట్టు తీసే మట్టి. దానివల్ల చెరువుకూ మేలే, చేనుకూ మేలే. మొరం వ్యాపారం అలాంటిది కాదు. దొరికిన చోటల్లా బావిలా నిటారుగా కోస్తారు. అంచున నిలబడ్డవాడి కాలి కింద మట్టి జారితే ఈత వచ్చినా లాభం లేదు. ఈత కొలనులో అడుగు కనిపిస్తుంది, గోడ చేతికి అందుతుంది. ఇక్కడ బురద నీళ్లు, పట్టుకుంటే విరిగే మట్టి. వానకాలంలో పత్రికల్లో వచ్చే 'చెరువులో మునిగి విద్యార్థుల మృతి' వార్తల్లో సగానికి పైగా ఈ గుంతల వల్లే అని నా గట్టి నమ్మకం. పిల్లలది దుడుకుతనం అని రాస్తారు, గుంత తవ్విందెవరో రాయరు.

ఆ పెద్దాయన గడతోనే చూపిస్తూ ఇంకో నాలుగు గుంతలు ఎక్కడున్నాయో చెప్పాడు. "ఎండాకాలంలో కాలినడకన దాటినవాళ్లకే తెలుస్తుందమ్మా" అన్నాడు. అందుకే ఏ జలాశయానికి వెళ్లినా బండి ఆపగానే మొదట చేపలు పట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి. వీలైతే చేపలు కొనండి, లేకపోయినా పర్వాలేదు. ఎక్కడ కూర్చోవచ్చో, ఎక్కడ నిలబడకూడదో అడగండి. ఆ చెరువు అడుగు వాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు.

ఇప్పుడు చోట్ల సంగతి. అందరూ నాగార్జునసాగర్ పేరే చెబుతారు. 26 గేట్లూ ఎత్తినప్పుడు ఆ నీటిని చూడాల్సిందే, కాదనను. కానీ ఆ వారం ఆదివారం వెళితే మీరు చూసేది ముందు కారు వెనక భాగాన్నే. గేట్లు దించాక, మామూలు రోజు వెళ్లండి. పడవలో నాగార్జునకొండకు వెళ్లి, నీట మునిగిపోయిన లోయ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టిన బౌద్ధ కట్టడాలను పిల్లలకు చూపించండి. పడవ ఎక్కేముందు పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ అడిగి మరీ తీసుకోండి. పెద్దవాళ్లది పిల్లలకు వేస్తే మెడలోంచి జారిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వనపర్తి జిల్లా మదనాపురం దగ్గరి సరళాసాగర్. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు పెట్టారు, 1959లో పూర్తయింది. అక్కడ మనుషులు ఎత్తే గేట్లకు బదులు సైఫన్లు ఉన్నాయి. 17 పెద్దవి, వాటికి ఊపునిచ్చే చిన్నవి 4. నీరు నిండు మట్టానికి చేరితే వంపు తిరిగిన కాంక్రీటు గొట్టంలోకి పొర్లుతుంది, లోపలి గాలిని తనతో లాక్కుపోతుంది, గాలి ఖాళీ కాగానే గొట్టం నిండుగా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మట్టం తగ్గి లోపలికి మళ్లీ గాలి చొరబడితే దానంతట అదే ఆగిపోతుంది. మోటారు లేదు, మీట లేదు. భౌతికశాస్త్రం పాఠంలో సైఫన్ బొమ్మ గీయడం కంటే ఒక్కసారి ఆ హోరు వినిపించడం మేలు. 2019 డిసెంబరు 31న దాని కట్టకు గండి పడింది, తర్వాత మళ్లీ కట్టారు. సైఫన్లు పారుతున్న రోజు వెళ్తే మదనాపురం, ఆత్మకూరు మధ్య వాగు రోడ్డు మీదికి వస్తుంది. కారుతో దాటే ప్రయత్నం చేయకండి, కొత్తకోట వైపే వెనక్కి తిరగండి.

దగ్గరలో కావాలంటే మా పానగల్ ఉదయసముద్రం. నల్గొండ పట్టణానికి ఆనుకునే ఉంటుంది. పొద్దున ఆరు గంటలకు కట్ట మీద నడిస్తే కొంగలు, నీటికోళ్లు కనిపిస్తాయి. ఎండెక్కాక ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. అక్కడ ఒక గర్భగుడిలో శివలింగం వెనక పగలంతా కదలని నీడ ఒకటి పడుతుంది. అది ఎలా పడుతుందో కనిపెట్టమని పిల్లలను వదిలేయండి, గంట ఇట్టే గడిచిపోతుంది.

మీలాంటి వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం మేము. మాకు కృష్ణా నీళ్లు అంటే విహారం కాదు, తాగే నీళ్లు. నల్గొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి మీ హైదరాబాద్ కుళాయిలకూ అవే వస్తున్నాయి. అలాంటి జలాశయాల గట్లు ఎక్కి కార్లు కడుగుతారు, బిర్యానీ ప్లేట్లు నీళ్లలోకి విసురుతారు, బీరు సీసాలు రాళ్లకేసి పగలగొడతారు. ఆ గాజు పెంకులు గుచ్చుకునేది చెప్పుల్లేకుండా వల లాగేవాళ్ల కాళ్లలోనే. పోయిన ఏడాది ఒక గట్టు మీద మా ఆయన, నేను ఏరినవి గోనెసంచి నిండాయి.

ఇంకా, ఈ చోట్లు చాలావాటిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. వాహనం నిలిపినందుకు రుసుము వసూలు చేసే మనిషి మాత్రం ఎప్పుడూ ఉంటాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గరే ఆగి ఆ పని చూసుకుని వెళ్లండి.

మీ పిల్లల వయసు రాయలేదు. పదేళ్లలోపు అయితే పానగల్ చాలు, మధ్యాహ్నం భోజనానికి నల్గొండలో ఆగి సాయంత్రానికి ఇల్లు చేరతారు. పెద్దవాళ్లయితే సరళాసాగర్‌కు వెళ్లండి. బయలుదేరే ముందు రోజు సైఫన్లు పారుతున్నాయో లేదో పత్రికల వనపర్తి జిల్లా పేజీలో చూసుకోండి.