దవడ ఆపరేషన్‌కి కాళ్ల స్కాన్ ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి గుట్కా అలవాటు వల్ల కింది దవడకి క్యాన్సర్ వచ్చింది. చెడిన ఎముక తీసేసి, కాలి ఎముకతో దవడ మళ్లీ కడతామన్నారు. రెండు కాళ్లకీ సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) రాశారు. పాదంలో నాడి బాగానే అందుతోందని వాళ్లే అన్నారు, మరి ఈ స్కాన్ ఎందుకు? అనవసరంగా రాశారేమోనని ఇంట్లో అందరికీ అనుమానం.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: తప్పకుండా చేయించండమ్మా. కాలిపిక్కకి బయటివైపు ఫిబులా అని సన్నటి ఎముక ఉంటుంది. ఒంటి బరువంతా దాదాపు దాని పక్కనున్న పెద్ద ఎముకే మోస్తుంది కాబట్టి, పైనా కిందా ఆరేడు సెంటీమీటర్లు వదిలేసి మధ్య ముక్క తీసినా మనిషి నడవగలడు. 1989 నుంచి దవడకి దీన్నే వాడుతున్నారు. ఒట్టి ఎముక పెడితే సరిపోదు, దానికి రక్తం అందించే పెరోనియల్ ధమనిని కూడా కోసి తెచ్చి, మెడలోని రక్తనాళాలకి మైక్రోస్కోప్‌లో చూస్తూ కుడతారు.

చిక్కంతా ఆ ధమనితోనే. మోకాలి కింద పెద్ద ధమనులు మూడు. పాదానికి రక్తం ముఖ్యంగా మిగతా రెండింటి నుంచే వెళ్తుంది, అందుకే పెరోనియల్‌ని తీసినా ఏమీ కాదు. కానీ కొద్దిమందికి పుట్టుకతోనే ఆ రెండూ సన్నగా ఉంటాయి, లేదా సగంలోనే ఆగిపోతాయి, అప్పుడు పాదం మొత్తం పెరోనియల్ మీదే బతుకుతుంది. అలాంటి కాల్లో దాన్ని కోస్తే పాదానికే ముప్పు. ఇక మీరడిగిన నాడి సంగతి: వీళ్లకి కూడా పాదం మీద నాడి చక్కగా కొట్టుకోవచ్చు, ఎందుకంటే అక్కడికి రక్తం పంపేది ఆ పెరోనియలే! చేత్తో పట్టుకుని చూస్తే తేడా తెలియదు, స్కాన్‌లో తెలుస్తుంది. పొగతాగే అలవాటు, షుగర్ ఉన్నవాళ్లలో వయసుతో వచ్చే పూడికలు కూడా అందులోనే బయటపడతాయి.

తేడా కనిపించినా టెన్షన్ పడొద్దు. రెండో కాలు బాగుంటే అందులోంచి తీస్తారు, రెండూ పనికిరాకపోతే భుజం వెనక ఎముకో తుంటి ఎముకో ఉంది. ఆపరేషన్‌లో కూడా ధమనిని కోసే ముందు కాసేపు క్లిప్పు పెట్టి, పాదం రంగు మారుతుందేమో చూసుకుంటారు.

నాన్నగారి మెడకి ఇదివరకు ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ జరిగి ఉంటే ఆ కాగితాలన్నీ సర్జన్‌కి చూపించండి, కొత్త ఎముకని కలపాల్సిన రక్తనాళాలు అక్కడే ఉంటాయి మరి. స్కాన్‌లో రంగుమందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీ సమస్య, అలర్జీ ఉన్నా, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా ముందే చెప్పండి.