ఎక్స్‌రే నార్మల్, కానీ పొద్దున్నే నడుము పట్టేస్తోంది: ఇది స్పాండిలైటిసేనా?

మీరు రాసినదాన్ని బట్టి మీకు 27 ఏళ్లు, మారతహళ్లిలో ఐటీ ఉద్యోగం, ఏడాదిగా నడుము కింద నొప్పి. ఎక్స్‌రే నార్మల్ వచ్చింది, కూర్చునే ఉద్యోగం కదా, రెస్ట్ తీసుకోమన్నారు. ఈ జబ్బుతో ముడిపడిన జన్యువు కోసం చేసే హెచ్‌ఎల్‌ఏ బి27 రక్త పరీక్ష మాత్రం పాజిటివ్ వచ్చేసరికి జీవితమంతా ఇంతేనా అని భయపడుతున్నారు. నేను డాక్టర్ని కాదు. ఇదే బెంగళూరులో నాకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కోవకు చెందిన వెన్ను వాతం ఉందని తేలింది. అదీ చాలా ఆలస్యంగా. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

నాకు బాబు పుట్టాక మొదలైంది. సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లేనని మా అత్తగారి దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా అందరిదీ ఒకే మాట. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చేది. పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలాలన్నా ప్రాణం పోయేది. లేచి హాల్లో కాసేపు తిరిగితే సర్దుకునేది. పొద్దున వంగి బాబుని ఎత్తుకోవాలంటే నడుము వదిలేదాకా ఆగాల్సిందే. సాయంత్రానికి మాత్రం మామూలుగా కూరగాయలకు నడిచి వెళ్లేదాన్ని. పొద్దున లేవలేని మనిషి సాయంత్రం ఎలా తిరుగుతోందని ఇంట్లో వాళ్లకి అనుమానం. డాక్టర్‌కి చెప్పాల్సింది సరిగ్గా ఆ తేడానే.

డిస్క్, కండరాల నొప్పులు సాధారణంగా పని చేస్తే పెరుగుతాయి, పడుకుంటే తగ్గుతాయి. ఈ వాతం నొప్పి దానికి తిరగబడి ఉంటుంది. విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. ఎక్కువగా 45 ఏళ్ల లోపు, నెమ్మదిగా మొదలై మూడు నెలలు దాటినా పోదు. పొద్దున్నే అరగంటకు పైగా బిగుసుకుపోతుంది. నొప్పి ఒకసారి కుడి పిర్రలో, ఒకసారి ఎడమ పిర్రలో రావచ్చు. మడమ వెనక నొప్పి, సోరియాసిస్, మానని విరేచనాలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇదే జబ్బు ఉండటం, ఇవన్నీ నడుముతో సంబంధం లేనట్టే కనిపిస్తాయి. కానీ అడగకపోయినా డాక్టర్‌కి చెప్పండి. ఈ జబ్బు కంటినీ తాకొచ్చు. కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతే అది కళ్లకలక అనుకుని షాపులో చుక్కల మందు కొనకండి. ఆ రోజే కంటి డాక్టర్‌కి చూపించాలి.

ఇక మీ రిపోర్టులు. బి27 పాజిటివ్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎప్పటికీ రాదు. నెగటివ్ ఉన్నా కొందరికి వస్తుంది. అది అనుమానాన్ని పెంచే పరీక్షే కానీ తీర్పు కాదు. ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు నార్మల్‌గా ఉన్నా జబ్బు ఉండొచ్చు. ఎక్స్‌రేలో మార్పు కనిపించడానికి ఏళ్లు పట్టొచ్చు, ఆడవాళ్లలో చాలామందికి అసలు కనిపించకపోవచ్చు. నా ఎక్స్‌రే కూడా శుభ్రంగానే ఉంది.

నా విషయం తేల్చింది ఎంఆర్‌ఐ. ఇక్కడ ఒక మెలిక ఉంది. నడుము నొప్పి అంటే మామూలుగా నడుము వెన్నుపూసలకే ఎంఆర్‌ఐ రాస్తారు. అందులో డిస్క్ కాస్త ఉబ్బిందని వస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అలా కనిపించడం మామూలే. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది వెన్ను చివర, తుంటి ఎముకతో కలిసే సాక్రోఇలియాక్ కీళ్ల దగ్గర. ఆ కీళ్లకి, స్టిర్ అనే పద్ధతి కూడా కలిపి ఎంఆర్‌ఐ తీస్తే ఎముక లోపలి వాపు తెలుస్తుంది. దాన్ని కూడా మీ లక్షణాలతో కలిపి చదవాలి. బరువులెత్తేవాళ్లలో, బాలింతల్లో వేరే కారణంతోనూ వాపు కనిపించొచ్చు.

అందుకే రుమటాలజిస్ట్‌ని, అంటే కీళ్ల వాతం డాక్టర్‌ని కలవండి. కోరమంగళ వైపు సెయింట్ జాన్స్ లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వెళ్లేముందు ఎన్నింటికి మెలకువ వస్తోందో, నడుము వదలడానికి ఎంతసేపు పడుతోందో, నొప్పి మాత్ర వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో బాగా తగ్గుతోందో లేదో కాగితం మీద రాసుకోండి. లోపలికి వెళ్లాక ఉత్త నడుము నొప్పి అని ఊరుకుంటే ఈ కథంతా బయటికి రాదు. డాక్టర్ మీ వీపు మీద గీతలు గీసి, ముందుకు వంగమని టేపుతో కొలిస్తే కంగారు పడకండి. వెన్ను ఎంత సాగుతుందో చూసే పరీక్ష అది.

ఉందని తేలినా కుంగిపోవద్దు. రోజూ వ్యాయామం, సిగరెట్ మానడం, నొప్పి-వాపు మాత్రలతోనే చాలామంది నిలదొక్కుకుంటారు. ఆ మాత్రలు డాక్టర్ చెప్పినట్టే వాడాలి, కడుపు, కిడ్నీలు చూసుకోవాలి. సరిపోకపోతే అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే ఒంట్లో వాపు పుట్టించే పదార్థాన్ని అడ్డుకునే మందులు ఉన్నాయి. అవి మొదలుపెట్టే ముందు లోపల దాగిన టీబీ ఉందేమో పరీక్ష చేస్తారు. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష ఎగ్గొట్టే ప్రసక్తే లేదు.

వెన్నుకే టీబీ పట్టినా నడుము నొప్పితోనే మొదలవుతుంది. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగకండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు పోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.