నల్లగొండలో పిల్లలకు చెరువు, నేల, నది ఒక్కరోజులో చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి?

పొద్దున్నే నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉదయసముద్రానికి వెళ్లండి. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి చెరువు ఇది, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్లు కాల్వ ద్వారా ఇందులోకి వస్తాయి.

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. తెల్ల పళ్లేనికి తాడు కట్టి నీళ్లలోకి దింపమనండి. అది కనిపించకుండా పోయే లోతే నీటి తేటదనానికి కొలత. తర్వాత, నా దృష్టిలో ఈ ట్రిప్‌కే ప్రాణం లాంటి పని: దగ్గరి ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో, చెరువు నీళ్లు ఇంకో సీసాలో పట్టి, కిట్‌తో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది కాబట్టి సాధారణంగా బోరు నీళ్లలోనే అది ఎక్కువ. మరిగిస్తే పోదని కూడా చెప్పండి. ఫ్లోరైడ్ వల్ల ఈ జిల్లాలో ఎంతమంది ఎముకలు వంకర్లు పోయాయో తలచుకుంటే ఈ పాఠం ఏ పిల్లాడికీ తప్పిపోకూడదనిపిస్తుంది.

నేల సంగతికి ఏదైనా ఊరచెరువు ఎగువ పొలాల్లో కాసేపు నడిస్తే చాలు. వానకు కొట్టుకొచ్చే మట్టి పూడికవుతుంది, ఎరువులు గుర్రపు డెక్కను పెంచుతాయి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు మళ్లీ పొలాలకే తోలుకున్నారు.

మధ్యాహ్నం నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లొచ్చు. లాంచీ ఉందో లేదో ముందే కనుక్కోండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వొద్దు, కృష్ణలో ఈతకు అసలే దింపొద్దు.