పాస్టర్ గారిని ప్రశ్నించినందుకు శాపం తగులుతుందా?

ప్రశ్న: నా వయసు 34. పదకొండేళ్లుగా మా ఆయనా నేనూ ఒకే సంఘానికి వెళ్తున్నాం. ఆయన పాటల పరిచర్యలో ఉన్నారు, నేను సండే స్కూల్ చెప్పేదాన్ని. రెండో కాన్పు తర్వాత చాలా కుంగిపోయాను. చచ్చిపోతే బాగుండు అనిపించేది. ఆ మాట పాస్టర్ గారికీ పాస్టరమ్మ గారికీ మాత్రమే చెప్పుకుని ప్రార్థన చేయించుకున్నాను. నెల తిరక్కుండానే ఆదివారం వాక్యంలో ఆయన, "బిడ్డను ఒళ్లో పెట్టుకుని చావు గురించి ఆలోచించే తల్లులు కూడా మన మధ్య ఉన్నారు" అన్నారు. పేరు చెప్పలేదు. కానీ అప్పుడు సంఘంలో పసిబిడ్డ ఉన్నది నా ఒక్కదానికే. తర్వాత ఒంటరిగా కలిసి, "అలా చెప్పడం నాకు బాధ కలిగించింది" అన్నాను. అంతే. నాలో తిరుగుబాటు ఆత్మ ఉందన్నారు. సండే స్కూల్ నుంచి తీసేశారు. సంఘం ముందు క్షమాపణ చెప్పేదాకా ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) చెయ్యి వేయకూడదన్నారు. స్నేహితురాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. "అభిషిక్తుని మీద నోరెత్తితే శాపం పిల్లలకు తగులుతుంది" అని ఒక పెద్ద అన్నారు. పోయినేడు మా ఆయనకు మంచి ఉద్యోగం వస్తే, దేవుని చిత్తం కాదని పాస్టర్ గారు చెప్పడంతో వదులుకున్నారు. ఇప్పుడు సంఘం మారదామంటే, "దేవుణ్ణి వదిలేద్దామంటావా?" అంటున్నారు. మా బాబు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇదే పాస్టర్ గారు రాత్రంతా మాతో కూర్చున్నారు. ఆయన చెడ్డవారని నేననలేను. తప్పు నాదేనా? – ఒక సోదరి

జవాబు: ముందు పిల్లల సంగతి. మీ పిల్లలకు ఏ శాపమూ తగలదు. మీరు ఎవరికీ చెప్పకుండా, నలుగురిలో అల్లరి చేయకుండా, నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి ఒంటరిగా బాధ చెప్పుకున్నారు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన మొదటి మెట్టు అదే. నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే నువ్వూ అతనూ మాత్రమే ఉన్నప్పుడు వెళ్లి చెప్పమన్నాడు. మీరు వాక్యం ప్రకారమే నడుచుకున్నారు. దానికే మీకు శిక్ష పడింది.

"అభిషిక్తుని ముట్టవద్దు", అంటే దేవుడు ఎన్నుకున్నవాడి జోలికి పోవద్దు అన్న మాట మీ గుండెల్లో ఎంత భయం పెట్టిందో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. అందుకే దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఆ మాట 105వ కీర్తనలో ఉంది. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. సొంత నేల లేకుండా పరాయి దేశాల్లో తిరుగుతున్న కొద్దిమంది. వాళ్ల జోలికి పోవద్దని దేవుడు హెచ్చరించింది రాజుల్ని. బలహీనుల్ని కాపాడడానికి బలవంతులకు చెప్పిన మాట అది. దాన్ని తలకిందులు చేసి, మైకు చేతిలో ఉన్నాయన పసిబిడ్డ తల్లి మీద వాడుతున్నారు.

తనను చంపాలని తరుముతున్న రాజు సౌలును, అతను అభిషిక్తుడని, చంపనన్న దావీదు కథ కూడా చెబుతారు. అది సగం కథే. గుహలో సౌలు బట్ట చెంగు కోసి, చంపకుండా వదిలేసిన మాట నిజం. కానీ తర్వాత బయటికొచ్చి, ఆ చెంగు చేత్తో పట్టుకుని, సౌలు మనుషులందరి ముందూ గట్టిగా అడిగాడు: నన్నెందుకు తరుముతున్నావని. సౌలు ఏడ్చాడు, నువ్వే నాకంటే నీతిమంతుడివి అన్నాడు. అయినా దావీదు ఆయన వెంట ఇంటికి వెళ్లలేదు. తన కొండలకే వెళ్లిపోయాడు. ముట్టవద్దంటే చంపవద్దని అర్థం. అడగవద్దని కాదు, వెంట వెళ్లి తీరాలని అంతకన్నా కాదు. పైగా యోహాను మొదటి పత్రిక 2వ అధ్యాయం అభిషేకం విశ్వాసులందరికీ ఉందంటుంది. ఆ లెక్కన మీరూ అభిషిక్తులే. ఈ సంగతి ఆ పెద్దగారు మర్చిపోయినట్టున్నారు.

ఇక అసలు ప్రశ్న. ఒక నాయకుడు కఠినంగా ఉన్నాడా, ఆత్మీయంగా హింసిస్తున్నాడా, ఎలా తెలుస్తుంది? గొంతు పెంచడాన్ని బట్టి చెప్పలేం. మొరటుగా మాట్లాడినా మనసున్న కాపరులుంటారు. తేనెలాంటి మాటలతో మనిషిని నలిపేసేవాళ్లూ ఉంటారు. కానుకలు అడగడాన్ని బట్టీ చెప్పలేం, సంఘం నడవాలంటే ఖర్చులుంటాయి. నేను చూసేది ఒక్కటే. ఆయనకు ఎవరైనా "కాదు" అంటే ఏమవుతుంది?

అంతియొకయలో పేతురును పౌలు అందరి ముందు నిలదీశాడని గలతీ పత్రికలో ఉంది. పేతురు శపించలేదు, వెలివేయలేదు. తర్వాత పేతురు పేరుతో ఉన్న రెండో పత్రికలో పౌలు "మన ప్రియ సహోదరుడు". నాతాను ప్రవక్త ముఖం మీదే వేలెత్తి చూపిస్తే దావీదు రాజు "నేను పాపం చేశాను" అన్నాడు. యోహాను మూడో పత్రికలో మాత్రం దియొత్రెఫే అనే ఒకాయన కనిపిస్తాడు. అందరిలో తానే ముందుండాలి ఆయనకు. తన మాట వినకుండా సహోదరులను చేర్చుకున్నవాళ్లను సంఘంలోంచి గెంటేసేవాడు. అంటే ఈ జబ్బు కొత్తదేం కాదు, మొదటి శతాబ్దంలోనే ఉంది.

మీ విషయంలో ఏమైందో చూడండి. మీరు చెప్పిన బాధ గురించి ఒక్కరైనా మాట్లాడారా? ఆయన చేసిన పని తప్పా ఒప్పా అన్న చర్చే జరగలేదు. మీలో ఏ ఆత్మ ఉందన్నదే చర్చ అయిపోయింది. ఇది గుర్తు పెట్టుకోండి. జవాబు చెప్పాల్సిన మనిషి, అడిగినవాళ్ల మీద ముద్ర వేసి తప్పుకుంటున్నాడంటే అక్కడ ఏదో కుళ్లుతోంది.

మీరు నమ్మి చెప్పుకున్న మాట పుల్పిట్ ఎక్కడం చిన్న విషయం కాదు. కేథలిక్ సంఘంలో పాపసంకీర్తనలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) విన్న రహస్యాన్ని గురువు బయటపెడితే, ఆ క్షణమే ఆయన సంఘ బహిష్కారానికి గురవుతాడు. వాళ్ల చట్టంలో అది అంత పెద్ద నేరం. స్వతంత్రంగా నడిచే చాలా సంఘాల్లో ఇలాంటి రాసిపెట్టిన నియమమే ఉండదు, అంతా ఆ ఒక్క మనిషి మంచితనం మీదే నడుస్తుంది. ఒకరి ప్రాణానికో పసిపిల్లలకో అపాయం ఉంటే సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సిందే, నిజమే. అలా చెప్పదలిస్తే మీ ఆయనకో డాక్టర్‌కో చెప్పాలి. ఆదివారం ప్రసంగంలో కాదు.

ఇక్కడే ఇంకో మాట. ప్రసవం తర్వాత కుంగుబాటు పాపం కాదు, జబ్బు. ప్రతి పదిమంది తల్లుల్లో ఒకరికైనా వస్తుంది. మందులతో, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. మీరు డాక్టర్‌కు చూపించుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇప్పటికీ చచ్చిపోవాలనిపిస్తుంటే, మిగతా సలహాలన్నీ పక్కనపెట్టి ఈ రోజే మీ ఆయనకు చెప్పి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. ప్రార్థన మానమనడం లేదు. ప్రార్థన చేస్తూ మందు వేసుకోవచ్చు.

ఆసుపత్రిలో ఆ రాత్రి సంగతి మీరు రాసినందుకు సంతోషం. ఆ మేలు అబద్ధం కాదు, దాన్ని తుడిచేసుకోనక్కర్లేదు. కానీ మేలు చేసినవాళ్లు హాని చేయలేరని ఎక్కడుంది? 1970ల్లో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు పేరున్న బోధకులు ఒక ఉద్యమం నడిపారు. ప్రతి విశ్వాసీ ఒక కాపరి కింద ఉండాలన్నారు. అది పెరిగేకొద్దీ పెళ్లి, ఉద్యోగం, ఇల్లు, అన్నిటికీ పైవాడి అనుమతి కావాల్సి వచ్చింది. కుటుంబాలు నలిగిపోయాయి. చివరికి ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మంఫర్డ్ 1989లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. విశ్వాసుల్ని బాగా ఎదిగించాలనే మొదలుపెట్టారు వాళ్లు. మీ ఆయన వదులుకున్న ఉద్యోగం గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. సలహా అడిగితే కాపరి చెప్పొచ్చు. కానీ "నా అభిప్రాయం ఇది" అనడానికీ "దేవుని చిత్తం ఇది" అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిదానికి మీరు వద్దనొచ్చు. రెండోదానికి వద్దంటే దేవుణ్ణే కాదన్నట్టు అవుతుంది. మనిషి నోరు కట్టేయడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

"నువ్వు మాట్లాడితే పరిచర్య పాడవుతుంది" అని కూడా మీతో అంటారు, ఇంకా అనకపోతే. ప్రపంచమంతా పేరున్న బోధకుడు రవి జకరయాస్ చనిపోయిన మరుసటి ఏడాది, 2021 ఫిబ్రవరిలో, ఆయన సంస్థే వేయించిన విచారణ నివేదిక బయటికి వచ్చింది. ఆయన చేతిలో లైంగిక హింసకు గురైన ఒక మహిళ అందులో చెప్పిన సంగతి ఏమిటంటే, నోరు విప్పితే తన పేరు చెడి లక్షల ఆత్మలు రక్షణ కోల్పోతాయని, ఆ పాపం ఆమెదేనని ఆయన హెచ్చరించాడట. మీ పాస్టర్ గారు అలాంటివారని నేను అనడం లేదు. నోరు నొక్కడానికి వాడే మాట మాత్రం ఎక్కడైనా ఒకటే.

నేను విన్నది మీ వైపు మాటే అని నాకు తెలుసు. బాధ కలిగించిన ప్రతి ప్రసంగమూ హింస కాదు. నాయకుల మాట వినమని హెబ్రీ పత్రికలో ఉంది, సంఘ క్రమశిక్షణ అనేదీ ఉంది. కానీ కొరింథు సంఘంలో పౌలు క్రమశిక్షణ గురించి రాసింది అందరికీ తెలిసిన ఘోరమైన పాపం విషయంలో. అది కూడా సంఘమంతా కూడి చేయాల్సిన పని. రెండో పత్రికలో, శిక్ష చాలు, ఇక క్షమించి ఓదార్చండి అన్నాడు. మీరు చేసిన పాపం ఏమిటో మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేరం పేరు చెప్పకుండా వేసిన శిక్షకు మీరు సంఘం ముందు క్షమాపణ చెప్పకండి. ఒకసారి చెప్పేస్తే పోతుందిలే అనుకోవద్దు. మీరు చేయని తప్పు చేశానని నలుగురి ముందు ఒప్పుకుంటే, రేపు ఇంకెవరైనా అడగబోయినప్పుడు మిమ్మల్నే ఉదాహరణగా చూపిస్తారు.

జరిగినవన్నీ తేదీలతో రాసిపెట్టుకోండి. వచ్చిన మెసేజ్‌లు తీసేయకండి. పెద్దలు "ప్రార్థన చేద్దాం రండి" అని పిలిస్తే ఒంటరిగా వెళ్లవద్దు. ఐదుగురు మగవాళ్ల మధ్య ఒక్క ఆడమనిషిని కూర్చోబెట్టి చేసేదాన్ని నేను ప్రార్థన అనను. మీరు నమ్మే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లండి, మత్తయి 18లో రెండో మెట్టు కూడా అదే. మీ సంఘం ఏదైనా పెద్ద సమాజం కింద ఉంటే బిషప్ గారికో పై కమిటీకో ఉత్తరం రాయండి. ఆయన పైన అడిగేవాళ్లే లేరా? లెక్కలు ఎవరికీ చూపించరా? కమిటీ అంతా ఇంటివాళ్లేనా? అయితే ఉత్తరం రాసి లాభం లేదు, బయటపడే దారే చూసుకోవాలి. (చదువుతున్న మిగతావాళ్ల కోసం ఒక మాట: కొట్టడం, లైంగిక వేధింపు, పిల్లల మీద అఘాయిత్యం లాంటివి ఉంటే సంఘ పెద్దలకు చెప్పి ఎదురుచూడవద్దు. నేరుగా పోలీసులకు చెప్పండి.)

అన్నిటికన్నా కష్టం మీ ఆయన విషయం. ఆయన్ని వాక్యాలతో గెలవాలని చూడకండి, ఇల్లు కోర్టు అవుతుంది. ఆయన భయం దేవుడి గురించి మాత్రమే కాకపోవచ్చు. పదకొండేళ్ల స్నేహితులు, పాటలు, మర్యాద, అన్నీ ఒక్కరోజులో పోతాయన్న టెన్షన్ అది. మీ విషయంలో ఎలా పోయాయో కళ్లారా చూశారు కదా. అందుకే "నేనా, పాస్టర్ గారా తేల్చుకో" అనవద్దు. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక నెమ్మదిగా అడగండి: "ఆ ఉద్యోగంలో చేరతానని నువ్వు పట్టుబట్టి ఉంటే ఏమయ్యేది?" జవాబు వెంటనే రాకపోయినా ఫర్వాలేదు, ఆ ప్రశ్నను ఆయన దగ్గరే వదిలేయండి. తర్వాత, సంఘం మానేద్దాం అనకుండా, నాలుగు ఆదివారాలు వేరే చోట ఆరాధనకు వెళ్లి చూద్దాం అనండి. ఆయన రానంటే పిల్లల్ని తీసుకుని మీరు వెళ్లిరండి. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కొత్త చోట మొదట్లో ఏమీ హాయిగా అనిపించదు. బైబిల్ తెరిస్తే పాత గొంతే వినిపిస్తుంది. కొంతమందికి నెలల తరబడి ప్రార్థన నోటికి రాదు. అది విశ్వాసం పోవడం కాదు, దెబ్బ తగిలిన చోట నొప్పి. ఆ రోజుల్లో యోహాను సువార్త 9వ అధ్యాయం చదవండి. చూపు వచ్చిన గుడ్డివాడిని మత పెద్దలు వెలివేశారు. వెలివేస్తారన్న భయంతోనే అతని తల్లిదండ్రులు, "వాడు వయసు వచ్చినవాడు, వాణ్ణే అడగండి" అని తప్పుకున్నారు. మీ ఫోన్ ఎత్తని స్నేహితురాళ్లు కూడా ఇప్పుడు అదే చేస్తున్నారు. వాళ్లమీద మరీ కోపం పెట్టుకోకండి. వెలివేశారని విన్నాక యేసు అతణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు.

సండే స్కూల్ పిల్లలు ఎక్కడైనా ఎదురుపడి "ఆంటీ, ఎందుకు రావట్లేదు?" అని అడుగుతారు. పాస్టర్ గారి మీద చెడుగా చెప్పకండి. మీదే తప్పని కూడా చెప్పకండి. "మిమ్మల్ని చూడాలని నాకూ ఉంది" అనండి. ఆ మాట నిజమే కదా.